సూది పని – పిట్ట బొమ్మ – మన ఆడపిల్లలు

(సంఘ వార్షికోత్సవమున, మహిళా సభలో, కుట్టు తరగతుల పక్షాన చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి వార్షికోత్సవములోనూ చదువు గురించీ, స్కాలర్‌షిప్పుల గురించీ, పేదింటి ఆడపిల్లల పెండ్లిండ్ల గురించీ పెద్దలు చెప్పగా వింటూనే వున్నాము. అవన్నీ కావలసినవే. ఈసారి కార్యవర్గం వారు కుట్టు తరగతులు చూస్తున్న మమ్మల్ని పిలిచి, "మీ పని గురించి కూడా నాలుగు మాటలు చెప్పండమ్మా" అన్నారు. సూదీ దారం గురించి సభలో చెప్పేదేముంటుందని కొందరు నవ్వుకోవచ్చును. చెప్పవలసినది చాలా వున్నదని మా మనవి.

వెనుక గోడకు తగిలించిన దిండు గలీబులు, చేతిరుమాళ్ళు, టేబులు గుడ్డలు మీరందరూ చూచే వుంటారు. వాటిలో సగానికి పైగా పిట్ట బొమ్మలే. "ఎందుకమ్మా అన్నీ పిట్టలే?" అని ఇప్పటికే చాలామంది అడిగారు. పువ్వయితే కార్బన్ కాగితం పెట్టి దింపుకుంటే సగం పని తీరిపోతుంది. పిట్ట అలా కాదు. అది తల తిప్పుతుంది, తోక ఎత్తుతుంది, ఒంటికాలి మీద నిలబడుతుంది. దానిని చూడకుండా కుట్టితే గుడ్డ మీద దిగేది పిట్ట కాదు, పిట్ట ఆకారమున్న మచ్చ. కనుక పిట్టను కుట్టాలంటే ముందు చూడటం నేర్చుకోవాలి. చూడటం నేర్చిన పిల్లకు చేతిలో పనితనం దానంతటదే వస్తుంది. ఇది మా తరగతులలో మేము కళ్ళారా చూస్తున్న సంగతి.

ఆ మాటకొస్తే ఈ విద్యలో మనకంటే పిట్టలే ముందు. దర్జీ పిట్ట అని ఒకటి వున్నది. బొటనవేలంత పిట్ట. మన పెరటి చెట్లలోనే వుంటుంది. పెద్ద ఆకు అంచులను దగ్గరకు తెచ్చి, ముక్కుతో చిల్లులు పొడిచి, దూది పోగునో, నారనో, సాలెగూటి దారాన్నో ఆ చిల్లులలోంచి దూర్చి, ఆకును సంచిలాగా కుట్టి అందులో గూడు పెడుతుంది. ఈ కుట్టుపని చేసేది ఆడపిట్ట. ఇక గిజిగాడి సంగతి తెలుగువారికి చెప్పనక్కరలేదు. మహాకవి జాషువా గారు పద్యాలు వ్రాసి దానికి పేరు నిలబెట్టారు. గడ్డి పోచలు చీల్చి, ముడులు వేసి, అల్లి, ఈత చెట్టుకో తుమ్మ చెట్టుకో వ్రేలాడదీస్తుంది. అక్కడ అల్లేది మగపిట్ట. ఆడపిట్ట వచ్చి గూడు చూచి, నచ్చితేనే కాపురానికి ఒప్పుకుంటుంది. మన ఆడపిల్లలు ఈ ముక్క విని ఎంత నవ్వారో చెప్పలేము!

మన దేశములో ఏ ప్రాంతపు కుట్టుపని చూచినా, దానిలో ఆడవాళ్ళ చేతులు, వంటిల్లు, పెరడు మూడూ కలిసి కనిపిస్తాయి. లక్నో చికన్ పనిలో ముర్రీ అని ఒక కుట్టు వున్నది, అది బియ్యపు గింజ ఆకారము. ఫందా అనేది చిరుధాన్యపు గింజ అంత గుండ్రని ముడి. కొయ్య అచ్చుతో గుడ్డ మీద రంగు అద్ది, దాని మీద కుట్టి, పనయ్యాక ఉతికితే అచ్చు రంగు పోయి కుట్టు ఒక్కటే నిలుస్తుంది. అక్కడ ఆ పని ఎక్కువగా చేసేవారు ముస్లిం స్త్రీలే. దానికి 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన పొరుగున ధారవాడ వైపు కసూతి వున్నది. అందులో ఒక కుట్టు పేరు మెంతి! అచ్చులేదు, గీతలేదు. గుడ్డలోని పోగులు లెక్కపెట్టుకుంటూ నెమలినీ, చిలుకనూ, హంసనూ, గోపురాన్నీ దించుతారు. ముడి వేయరు. అందులోని కొన్ని కుట్లకు ముందూ వెనుకా ఒక్కటే తీరు.

బెంగాలులో కాంథా పని మరీ ముచ్చటైనది. పాత చీరలు రెండు మూడు పొరలుగా పరచి, ఆ చీరల అంచుల నుంచే రంగు దారాలు లాగి, వాటితోనే బొమ్మలు కుట్టి దుప్పటి చేస్తారు. హిందువులూ ముస్లిములూ అందరి ఇండ్లలోనూ వుండేది. నెమళ్ళు, చిలుకలు, ఏనుగులు, తామరలు – ఏ ఇల్లాలి మనస్సుకు ఏది తోస్తే అది. కవి జసీముద్దీన్ 1929లో ఈ కాంథా పేరు మీద ఒక కథాకావ్యమే వ్రాశారు. భర్త దూరమైన ఒక పల్లెటూరి పిల్ల తన బ్రతుకు కథనంతా దుప్పటి మీద కుట్టి, చనిపోయాక దానిని తన సమాధి మీద పరచమని కోరుతుంది. ఆ పిల్ల కలం పట్టి వ్రాసినది కాదు. సూది పట్టి వ్రాసింది. ఎన్నో తరాల మన నానీలకూ దాదీలకూ తమ మాట చెప్పుకోవటానికి దొరికిన కాగితము గుడ్డే, కలము సూదే.

ఇక మన పిట్టల సంగతికి వస్తాము. "యే పిట్టను కుట్టాలి ఆపా?" అని క్రొత్తగా వచ్చిన ప్రతి పిల్లా అడుగుతుంది. "మీ ఇంటి ముందు వాలే పిట్టను కుట్టు" అంటాము. రామచిలుకను తీసుకోండి. 2018 నుంచి అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. అందరూ ఆకుపచ్చ దారం తెస్తారు, ఒక్కటే రంగు! బాగా చూస్తే పొట్ట దగ్గర పసుపు కలిసిన పచ్చ, తోకలో నీలం కలిసిన పచ్చ, రెక్కలో ముదురు పచ్చ. మెడకు గులాబీ, నలుపు కలిసిన హారము మగచిలుకకే వుంటుంది, ఆడచిలుకకు వుండదు. పాలపిట్టను తీసుకోండి. తెలంగాణ రాష్ట్ర పక్షి. తీగ మీద కూర్చున్నంత సేపూ మట్టిరంగు పిట్టలాగే వుంటుంది. ఎగిరిందా, రెక్కలలోని నీలమంతా ఒక్కసారి బయటపడుతుంది. కనుక పాలపిట్టను కూర్చోబెట్టి కుట్టితే దాని అందం సగమే కనిపిస్తుంది, ఎగరేయాలి.

హుద్‌హుద్ అనగానే మనవాళ్ళకు 2014 అక్టోబరులో విశాఖను ఊపివేసిన తుపాను గుర్తుకు వస్తుంది. ఆ పేరు ఒమాన్ దేశం ఇచ్చినది. అసలు హుద్‌హుద్ ఒక పిట్ట. తెలుగులో కూకుడుగువ్వ అంటారు. ఖుర్ఆన్‌లో సులైమాన్ ప్రవక్త (అ) వారికి సబా దేశపు వార్త తెచ్చిన పిట్ట అదే. పారశీక కవి అత్తార్ కావ్యములో ముప్పది పిట్టలకు దారి చూపినదీ అదే. తల మీద నల్ల మొనల కిరీటం, రెక్కల మీద నలుపు తెలుపు పట్టీలు. మసీదు ఆవరణలో గడ్డిలో పురుగులు ఏరుకుంటూ తిరుగుతుంటుంది. తుపాను పేరుగా మాత్రమే తెలిసిన దానిని మన పిల్లలు పిట్టగా గుర్తుపట్టగలిగితే అదే మాకు పెద్ద సంతోషము.

కుట్టేటప్పుడు రెండు మూడు సంగతులు గుర్తుంచుకుంటే చాలు. గుడ్డను రింగులో డప్పు లాగా బిగించాలి. ఆరు పోగుల దారంలోంచి ఒకటో రెండో పోగులే తీసి వాడాలి. ఈకలు ఇంటి పెంకుల లాంటివి, పైది క్రిందిదాని మీద వాలుతుంది. కాబట్టి తోక దగ్గర మొదలుపెట్టి తలవైపుకు పోవాలి. కుట్టు ఎప్పుడూ ఈక పోయే దిక్కునే పోవాలి. పొడుగు కుట్టు, పొట్టి కుట్టు మార్చి మార్చి వేస్తే రంగులో రంగు కలిసిపోతుంది. కాళ్ళకు కాడ కుట్టు, కంటికి ముడి కుట్టు. కన్ను చిట్టచివర. ఆ నల్లని ముడి ప్రక్కన తెల్లదారముతో చుక్కంత మెరుపు పెట్టగానే పిట్ట మన వైపు చూస్తుంది! ఆ క్షణాన ఆ పిల్ల ముఖం చూడాలి. ఆ ఆనందానికి వెల కట్టలేము. వెలుతురు మాత్రం మంచిదిగా వుండాలి. మధ్య మధ్య సూది ప్రక్కన పెట్టి దూరంగా చెట్టు వైపు చూడండి. కళ్ళకు విశ్రాంతీ దొరుకుతుంది, పిట్టా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక సందేహము. ప్రాణుల బొమ్మలు కుట్టవచ్చునా అని కొందరు పెద్దలు అడిగారు. అడగవలసిన మాటే. ఇంట్లోకి రాగానే ఎదురయ్యే పక్షిబొమ్మ తెరను మార్చమని ప్రవక్త (స) వారు చెప్పినట్లు హదీసు వున్నది. ఉలమాలు దీనిని రకరకాలుగా వివరించారు. తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. మా తరగతులలో పాటించే పద్ధతి మాత్రం చెబుతాము. జానమాజు మీద, ఖుర్ఆన్ గలీబు మీద ఏ ప్రాణి బొమ్మా వేయము. మనస్సుకు ఒప్పుకోని పిల్లలను బలవంతపెట్టము. వారు ఒక్క ఈకను కుట్టుతారు, గూటిని కుట్టుతారు, ఆకూ తీగా కుట్టుతారు. ఒక్క నెమలి ఈకలో ఎన్ని రంగులున్నవో కుట్టిన వారికే తెలుసు. చూచే కన్ను అందరికీ ఒక్కటే.

రెండవది అసలైన మాట. "కుట్టుపనిదేముందమ్మా, తీరిక వేళ కాలక్షేపము" అంటారు. ఈ ఒక్క మాట వలన మన ఆడవాళ్ళకు ఎంత నష్టము జరుగుతున్నదో ఆలోచించండి. నర్సాపురం లేసు అల్లికల మీద మారియా మీస్ అనే జర్మన్ విదుషి పరిశోధన చేసి 1982లో పుస్తకము ప్రకటించారు. విదేశాలకు పోయే లేసును రోజుకు ఎన్నో గంటలు కూర్చుని అల్లుతున్న స్త్రీలను "ఇంటి ఇల్లాండ్రు, తీరిక వేళ అల్లుతారు" అని లెక్కకట్టడం వల్లనే వారికి అంత తక్కువ కూలి ముట్టుతున్నదని ఆమె చూపించారు. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. గుర్తింపు వస్తువుకు వచ్చినంత త్వరగా అల్లిన చేతికి రావాలి కదా!

మన వీధులలో మగ్గం వర్కు జాకెట్ల సంగతీ అంతే. వెనుక వీపున నెమలి, మెడ చుట్టూ ముత్యాలు. షాపులో దాని ధర వేలల్లో వుంటుంది. ఇంట్లో వంగి కుట్టిన పిల్లకు దక్కేది వందల్లో. అందుకని మా తరగతులలో ప్రతి పిల్లకూ ఒక చిన్న పుస్తకము పెట్టించాము. ఏ రోజు ఎన్ని గంటలు కుట్టిందీ, దారానికి ఎంత అయ్యిందీ వ్రాస్తుంది. ఉదాహరణకు ఒక జాకెట్టుకు 20 గంటలు పట్టి, 800 రూపాయలు ఇచ్చి, దారం ఖర్చు 100 పోతే, గంటకు పడ్డది 35 రూపాయలు. ఈ లెక్క కాగితము మీద కనబడగానే పిల్లకు నోరు వస్తుంది. "ఈ రేటుకు కుదరదన్నా" అని చెప్పగల ధైర్యం వస్తుంది. లెక్క తెలియాలంటే చదువు కావాలి. కనుక బడి మానిపించి మగ్గం ముందు కూర్చోబెట్టడాన్ని మేము ఒప్పుకోము. 14 యేండ్లలోపు పిల్లలను పనిలో పెట్టరాదని 2016 సవరణతో చట్టమూ గట్టిగా చెబుతున్నది. బడి తరువాతనే సూది.

కంప్యూటరు మిషన్లు వచ్చాయి గదా, చేతిపని ఎవరిక్కావాలి అనేవారూ వున్నారు. మిషను ఒకే చిలుకను వెయ్యిసార్లు కుట్టుతుంది, తప్పు పోదు. మన చేతి కుట్టులో ఒక చిలుక తల కాస్త వంచి వుంటుంది, ఇంకొకటి అలిగినట్లు వుంటుంది. ఫోనులో బొమ్మ చూచి దానినే దించే పిల్లలు మిషనుతో పోటీపడి ఓడిపోతారు. తమ కళ్ళతో చూచి తమ నమూనా గీసుకునే పిల్లలతో మిషను పోటీపడలేదు. అందుకే తరగతిలో వారానికి ఒక రోజు సూది ముట్టకుండా, పెన్సిలు పట్టుకుని పిట్టలను గీయటానికే కేటాయించాము. మొదట "మాకు గీయటం రాదు" అన్నవారే ఇప్పుడు గోడ మీది బొమ్మలలో సగానికి సొంత నమూనాలు వేశారు. వేరే ఊరి నుంచి కోడలిగా వచ్చి ఎవరితోనూ మాట్లాడని పిల్లలు కూడా, "ఈ పిట్ట నాది" అని చెప్పుకోవటానికి నోరు విప్పుతున్నారు.

చివరగా కార్యవర్గం వారికి మూడు విన్నపాలు. ఒకటి, తరగతి గదికి మంచి వెలుతురు, కిటికీ కావాలి. రెండు, యేడాదికొకసారి పిల్లలకు కంటి పరీక్ష చేయించాలి. మూడు, అమ్మకానికి పెట్టిన ప్రతి గుడ్డ మూలనా, కుట్టిన పిల్ల ఇష్టపడితే, ఆమె పేరు దారముతో వుండనివ్వాలి. ఖర్చు పెద్దగా లేదు. తల్లులకు ఒక్క మాట. మీ అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి పిట్టను చూస్తుంటే "పనీపాటా లేదా" అని కసరకండి. అది కూడా పనిలో భాగమే.

పోయేముందు గోడ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. కుట్టిన పిల్లలు అక్కడే వుంటారు. ఏ పిట్ట ఎవరిదో అడిగి, వారి పేరు పలికి వెళ్ళండి.

ఖుదా హాఫిజ్.