41.15 గీత: కోనసీమలో ఒక మాట

(అమలాపురంలో యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక సంగతి చెప్పాలి. ఇక్కడ ఆటో ఎక్కి పోలవరం అంటే ఐ.పోలవరంలో దింపుతారు. నేను మాట్లాడేది ఆ పోలవరం గురించి కాదు. ధవళేశ్వరానికి ఎగువన, పాపికొండల దిగువన కడుతున్న డ్యాం గురించి. మీ కాలువల్లోకి నీళ్లొచ్చే గోదావరే అది.

2022 జూలై మీకు గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో ఊళ్లకు ఊళ్లు మునిగాయి. మావాళ్లు గుట్టలెక్కి టార్పాలిన్ల కింద ఉన్నారు. అవే నీళ్లు ధవళేశ్వరం దాటి మీ లంకల మీద పడ్డాయి. పి.గన్నవరం, అయినవిల్లి, మామిడికుదురు లంకల్లో పడవల మీద తిరిగారు. వరద ఒక్కటే, ఇబ్బంది కూడా ఒక్కటే.

తేడా తర్వాత మొదలవుద్ది. ఇక్కడ నీళ్లు తీశాక బురద ఎత్తిపోసుకుని మళ్లీ ఇంట్లోకి వెళ్తారు. అక్కడ మాత్రం ఆఫీసులో ఒక ప్రశ్న అడుగుతారు: "మీ ఇల్లు 41.15 లోపలా, బయటా?"

ఏంటీ 41.15? పోలవరం పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 45.72 మీటర్లు. ముందు 41.15 మీటర్ల వరకే నింపుతాం, అంతవరకు మునిగేవాళ్లకే ముందు పునరావాసం అన్నారు. మ్యాపు మీద 41.15 దగ్గర ఒక గీత గీశారు. గీత లోపలుంటే నిర్వాసితుడివి. బయటుంటే నువ్వు వరద బాధితుడివి మాత్రమే. బియ్యం, రెండు వేలు ఇస్తారు, అంతే.

ఇక్కడ ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్లున్నారు, నేను తప్పు చెప్తే సరిదిద్దండి. చెరువులో నిలిచిన నీళ్లు చదునుగా ఉంటాయి. పారే నది చదునుగా ఉండదు. వరదలో కిందనుంచి అడ్డు తగిలితే పైకి పోయేకొద్దీ నీటిమట్టం ఎత్తుగా ఉంటది. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. గోదావరి పోటు మీదుంటే శబరి వెనక్కి తంతుంది. ఇది మా పెద్దోళ్లకు మ్యాపు లేకుండానే తెలుసు. చదును గీతతో ఆ ఊళ్ల లెక్క తేల్చడం మొదటి తప్పు. 1986లో డ్యాం లేనప్పుడే భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది కాబట్టి 2022 వరదంతా డ్యాం వల్లే అని నేను అనను. కానీ డ్యాం ఉన్నాక అలాంటి వరద ఎక్కడిదాకా ఎగదన్నుతుందో కొత్తగా లెక్క తీయమని తెలంగాణ, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వాలే అడుగుతున్నాయి.

రెండో తప్పు ఆ గీతలోనే ఉంది. తర్వాత లైడార్ సర్వే చేశారు. అంటే విమానంలోంచి లేజర్ పంపి నేల ఎత్తు కొలవడం. చూస్తే ఇంకో 36 ఆవాసాలు 41.15 లోపలే ఉన్నాయని తేలింది. అన్నేళ్లూ "మీరు బయట" అని పంపేసిన ఊళ్లు! టెక్నాలజీ చెడ్డదని నేను అనట్లేదు. ఈ సర్వే మావాళ్లకు మేలే చేసింది. కానీ ఆ మాట ఆ ఊళ్ల జనం నోటితో చెప్పినప్పుడు ఎవరూ రాసుకోలేదు. లేజర్ చెప్పాకే రాసుకున్నారు.

ఇంతకీ 41.15 దగ్గరే ఎందుకు ఆగారు? డబ్బు దగ్గర చూడండి. 2017-18 ధరల్లో ప్రాజెక్టు అంచనా 55,548 కోట్లు. అందులో 33,168 కోట్లు భూసేకరణకు, పునరావాసానికి. సగం కంటే ఎక్కువ మనుషులకి, భూములకి. కేంద్రం మాత్రం చాలా ఏళ్లు 2013-14 ధరల లెక్క పట్టుకుని కూర్చుంది. కాంక్రీటు తగ్గిస్తే డ్యాం నిలవదు. ఇంక తగ్గించగలిగింది జనాన్నే. 2024లో కేంద్ర కేబినెట్ ఒప్పుకున్న డబ్బు కూడా 41.15 వరకే.

ఇప్పుడు మీ సంగతికొస్తా. ఈ మాట అడుగుదామనే ఇంత దూరం వచ్చాను. మాకు ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది: "కింద రైతులకు నీళ్లు కావాలి, మీరు త్యాగం చేయాలి." సరే. నీళ్లుంటే రైతు బాగుపడతాడా? 2011లో ఈ కోనసీమలోనే, కాటన్ ఆనకట్ట నీళ్లు నూటయాభై ఏళ్లుగా పారుతున్న నేలలో, రైతులు ఖరీఫ్ వేయకుండా వేల ఎకరాలు బీడు పెట్టారు. పంట విరామం అన్నారు. మద్దతు ధర చేతికి రాదు, పెట్టుబడి పెరిగింది, డ్రెయిన్లు పూడిపోయి వానొస్తే చేను మునుగుద్ది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. 2022లో మళ్లీ పంట విరామం మాట వచ్చింది. మీ బాధ నీళ్లు లేక కాదు. ధర లేక, మురుగు పోయే దారి లేక. ఆ విరామంలో కూలి పోగొట్టుకున్న దళిత వాడల గురించి కమిటీల్లో ఎంత మాట్లాడారో మీకే తెలియాలి.

పోలవరం ఒక్క కోనసీమ కోసమే కాదు, నిజమే. కొత్త ఆయకట్టు 7.2 లక్షల ఎకరాలంటున్నారు, విశాఖకు నీళ్లు, కృష్ణకు మళ్లింపు ఉన్నాయి. అయినా "డెల్టా రైతు" పేరు చెప్పి మా ఊళ్లు ఖాళీ చేయిస్తున్నప్పుడు, ఆ డెల్టా రైతు అడిగింది ఏంటో ఒకసారి అతనే చెప్పాలి కదా.

ఇంకోటి, ఇది మన వయసువాళ్లది. 2013 చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లు ఆడైనా మగైనా వేరే కుటుంబం కింద లెక్క. మరి జాబితా రాసినప్పుడు పన్నెండేళ్లున్న పిల్లకి, ఊరు ఖాళీ చేసే నాటికి ఇరవై రెండొస్తే? జాప్యం ప్రభుత్వానిది, వయసు పెరగడం మాత్రం ఆ పిల్ల తప్పయినట్టు మాట్లాడతారు. ముంపు మండలాల్లో ఏ సభకు వెళ్లినా ఈ ప్రశ్న లేస్తుంది.

అందుకే ఒక పని అడుగుతున్నా. కూనవరం వైపు ఇళ్ల గోడల మీద 2022 వరద గుర్తులు ఇంకా ఉన్నాయి, సున్నం వేస్తే పోతాయి. సర్వే పరికరం పట్టడం వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు మాతో వస్తే, ఒక్కో గుర్తు ఎత్తు కొలిచి, ఊరి పేరుతో రాసి, గ్రామసభలో తీర్మానం చేయిద్దాం. వచ్చే వానల లోపే కావాలి. వచ్చేవాళ్లు ఈ పుస్తకంలో పేర్లు రాయండి. తిండి, బస మావి.