నిద్ర గోలీ, డాక్టరు చీటీ

(అక్షరాస్యతా కేంద్రంలో సాయంత్రం చేసిన ప్రసంగం)



ఇప్పుడు అందరికీ అక్షరాలు వచ్చాయి. బస్సు బోర్డు చదువుతున్నారు. రేషన్ కార్డు చదువుతున్నారు. డాక్టరు రాసిచ్చిన చీటీని మాత్రం మడిచి కొంగున కట్టుకుంటున్నారు. "అది ఇంగ్లీషు, మనకేం తెలుస్తుంది" అంటున్నారు. ఆ గొలుసు రాత పెద్ద చదువులు చదివినవాళ్లకు కూడా అర్థం కాదు లెండి. కాని చీటీలో అంకెలు ఉంటాయి. అంకెలు అందరికీ తెలిసినవే.

మందు పేరు పక్కన 0-0-1 అని ఉందనుకోండి. పొద్దున వద్దు, మధ్యాహ్నం వద్దు, రాత్రికి ఒకటి అని దాని అర్థం. ఆ పక్కన 10 రోజులు అని ఉంటుంది. చాలామంది 0-0-1 అడిగి తెలుసుకుంటారు. 10 సంగతి అడగరు. నిద్ర గోలీల విషయంలో ఆ 10 చాలా ముఖ్యం.

బీడీలు చుట్టే ఒక పెద్దమ్మ ఉందనుకుందాం. భర్త చనిపోయాడు. రాత్రిళ్లు కంటి మీద కునుకు లేదు. కొడుకు పట్నం తీసుకుపోయి డాక్టరుకు చూపించాడు. డాక్టరు ఆల్ప్రాజోలం అనే గోలీ రాశాడు. 10 రోజులు వేసుకొని మళ్లీ రమ్మన్నాడు. పెద్దమ్మకు హాయిగా నిద్ర పట్టింది. డాక్టరు తప్పు చేయలేదు. గోలీ కూడా మంచిదే.

పదకొండో రోజు వచ్చింది. మళ్లీ పట్నం పోవాలంటే బస్సు చార్జీ కావాలి. డాక్టరు ఫీజు కావాలి. ఒక రోజు బీడీల కూలి పోతుంది. అందుకని పాత చీటీ పట్టుకొని మందుల షాపుకే పోయింది. షాపు అతను ఇచ్చాడు. వచ్చే నెల కూడా ఇచ్చాడు. అలా ఆరు నెలలు గడిచాయి. చీటీ మడతల దగ్గర చిరిగిపోయింది. షాపు అతనికి పెద్దమ్మ ముఖమే చీటీ అయింది. ఈలోగా ఒక గోలీకి నిద్ర రావడం మానేసింది. రెండు వేసుకుంది. తర్వాత మూడు.

ఒకసారి కూతురి ఊరు పోయింది. గోలీలు మరిచిపోయింది. రెండో రోజుకు చేతులు వణికాయి. ఒళ్లంతా చెమట. గుండె దడ. కంటికి నిద్ర లేదు. మూడో రాత్రి ఫిట్స్ వచ్చి పడిపోయింది. ఇంట్లోవాళ్లు గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించారు. ఆసుపత్రికి తీసుకుపోయాక డాక్టరు అడిగిన మొదటి మాట, "ఏం గోలీలు వేసుకుంటోంది?" అని.

ఇలా ఎందుకు జరుగుతుంది? మెదడును నెమ్మదిగా ఉంచే శక్తి మెదడులోనే ఉంది. నిద్ర గోలీ ఆ శక్తికి బలం ఇస్తుంది. కొన్నాళ్లకైతే మేలే. రోజూ వేసుకుంటే మెదడు గోలీ మీదే ఆధారపడుతుంది. ఇంటికి రోజూ బయటి మనిషి వచ్చి నీళ్లు తోడి పోస్తుంటే, ఇంట్లోవాళ్లు బావి దగ్గరికి పోవడం మానేస్తారు. ఆ మనిషి ఒక రోజు రాకపోతే కుండలన్నీ ఖాళీ. మెదడు సంగతీ అంతే. అందుకే ఇలాంటి గోలీలను డాక్టర్లు మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలకు మించి వాడించరు.

పెద్దమ్మ తాగుబోతు కాదు. సోకులకు పోయిన మనిషి కాదు. డాక్టరు ఇచ్చిన మందే కదా అని నమ్మింది. ఇలాంటివాళ్లను "మత్తుకు మరిగింది" అని వెక్కిరిస్తే వాళ్లు దాచిపెడతారు. దాచిపెడితే వైద్యం అందదు.

వయసు మళ్లినవాళ్లకు ఇంకో గండం ఉంది. గోలీ మత్తులో రాత్రి లేచి నడుస్తూ తూలి పడతారు. తుంటి ఎముక విరుగుతుంది. మతిమరుపు వస్తుంది. ఈ గోలీ మీద సారా గాని, బ్రాందీ గాని తాగితే ఊపిరి మందగించి ప్రాణమే పోవచ్చు.

తెలంగాణలో ఈ మందు ఇంకో దారిన కూడా ఒంట్లోకి పోతోంది. అది కల్తీ కల్లు. చెట్ల కల్లు చాలకపోతే కొందరు వ్యాపారులు నీళ్లలో తీపి కలిపి, మత్తు కోసం ఆల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మందుల పొడి కలుపుతారు. తాగేవాడు కల్లే అనుకుంటాడు. రోజూ నిద్ర మందు మింగుతున్నట్టు అతనికి తెలియదు. 2015లో కల్తీ కల్లు మీద ప్రభుత్వం గట్టిగా దాడులు చేసింది. అప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఎంతోమంది వణుకుతో, ఫిట్స్‌తో, పిచ్చి మాటలతో ఆసుపత్రుల పాలయ్యారు. 2020లో కరోనా వచ్చి కల్లు దుకాణాలు మూసినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాగే జనం వరుస కట్టారు. పెద్దమ్మకు కూతురి ఊళ్లో వచ్చిన జబ్బే వీళ్లకూ వచ్చింది. అమ్మినవాళ్లు బాగానే ఉన్నారు!

పడుచు పిల్లలు దగ్గు మందు సీసాలు తాగుతుంటారు. కొన్ని దగ్గు మందుల్లో కోడీన్ ఉంటుంది. అది నల్లమందు జాతి. ట్రామడాల్ అనే నొప్పుల గోలీ కూడా అలవాటు చేస్తుంది. 2018లో ప్రభుత్వం దాన్ని మత్తు మందుల చట్టం కిందికి తెచ్చింది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినాలి. రోజూ వేసుకునే గోలీలన్నీ ఇలాంటివి కావు. బీపీ గోలీ, షుగరు గోలీ, ఫిట్స్ గోలీ రోజూ వేసుకోవలసిందే. "అలవాటు అవుతుందట" అని వాటిని ఆపేస్తే పక్షవాతం రావచ్చు, ఫిట్స్ తిరగబెట్టవచ్చు. ఏ గోలీ ఎన్నాళ్లో చెప్పవలసింది డాక్టరే. పక్కింటివాళ్లు కాదు.

చట్టం ఏమంటోంది? ఒక చీటీకి మందు ఒక్కసారే ఇవ్వాలి. మళ్లీ ఇవ్వవచ్చు అని డాక్టరు రాస్తేనే మళ్లీ ఇవ్వాలి. 2014 మార్చి నుంచి ఆల్ప్రాజోలం, డైజిపామ్, కోడీన్, ట్రామడాల్ లాంటి మందులకు ఇంకా గట్టి నిబంధన ఉంది. అమ్మిన ప్రతిసారీ షాపు అతను డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని గోలీలు ఇచ్చాడో వేరే రిజిస్టరులో రాయాలి. ఆ రిజిస్టరును మూడేళ్లు దాచాలి. ఈ మందుల పెట్టె మీద ఎర్ర గీతల మధ్య హెచ్చరిక ఉంటుంది. చీటీ అడిగే షాపు అతని మీద కోపం తెచ్చుకోకండి. అడగకుండా ఇచ్చేవాడే మంచివాడని అనుకోకండి. అయితే షాపు అతన్ని ఒక్కడినే అని లాభం లేదు. డాక్టరు దగ్గరలో ఉంటే పెద్దమ్మ పాత చీటీ పట్టుకొని తిరిగేది కాదు.

ఇప్పటికే అలవాటు అయినవాళ్లు ఏం చేయాలి? ఇది విని రేపే గోలీలు పారేయకూడదు. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చని విన్నారు కదా. ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరుకు దాచకుండా చెప్పాలి. ఏం గోలీ, ఎన్ని, ఎన్నాళ్ల నుంచి, ఈ మూడూ చెప్పాలి. డాక్టరు కొంచెం కొంచెంగా తగ్గిస్తాడు. అరగోలీ తగ్గడానికి కూడా వారాలు పట్టవచ్చు. మొత్తం మానడానికి నెలలు పట్టవచ్చు. కల్తీ కల్లు అలవాటైనవాళ్లకూ వైద్యం ఇదే తీరు.

ఫోను చేసి కూడా అడగవచ్చు. మత్తు అలవాటు మానడానికి 14446. మనసు బాగా లేకపోయినా, నిద్ర పట్టకపోయినా 14416. రెండింటికీ డబ్బు పడదు. నోటు పుస్తకంలో రాసుకోండి.

రేపు కేంద్రానికి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మందుల చీటీలు తీసుకురండి. తేదీ ఎక్కడ ఉందో, రోజులు ఎన్ని ఉన్నాయో ఎవరి చీటీ వాళ్లే చదవాలి.