ఫోను మనది, పెత్తనం ఎవరిది?

(రైతు సంఘం మండల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో గిట్టుబాటు ధర, వంశధార నీరు, యూరియా, జీడిపిక్కల రేటు మాట్లాడుకుంటాం. ఇవాళ జేబులో ఉన్న ఫోను గురించి మాట్లాడుకుందాం. ఇదీ రైతు సమస్యే. దమ్ములో ఉండగా మోగుతుంది. చేతులు కడుక్కుని గట్టెక్కి ఎత్తితే, ‘మీకు లోను మంజూరైంది, ఒకటి నొక్కండి’ అని రికార్డు గొంతు. ‘ఏటి బావూ, పొద్దల్లా ఇదే గోల’ అని ఏ ఊరెళ్లినా మన వాళ్లు అంటున్నారు.

కొత్త నంబరు ఎత్తొద్దని చాలామంది సలహా ఇస్తారు. పట్నంలో ఉద్యోగం చేసేవాళ్లకు అది కుదురుతుందేమో. మనకు కుదరదు. ధాన్యం లారీ డ్రైవరు, రైతు సేవా కేంద్రం సహాయకుడు, చెన్నై పనికెళ్లిన కొడుకు పక్కవాడి ఫోను నుంచి, అందరూ కొత్త నంబర్ల నుంచే చేస్తారు. కాబట్టి ఏది ఆపాలో, ఎలా ఆపాలో మనం నేర్చుకోవాలి.

ఈ కాల్స్ మూడు రకాలు. మూడింటికీ మందు వేరు.

మొదటి రకం, లెక్క ప్రకారం పేరు నమోదు చేసుకున్న కంపెనీల ప్రచారం. ఇవి 140తో మొదలయ్యే నంబర్ల నుంచి రావాలి. ట్రాయ్ 2018లో చేసిన నిబంధనల ప్రకారం మనం వద్దంటే వాళ్లు చేయకూడదు. వద్దనడం ఇలా: మెసేజ్‌లో ఇంగ్లీషు పెద్ద అక్షరాలతో ‘స్టార్ట్’ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, సున్నా పెట్టి 1909కి పంపాలి. లేదంటే 1909కి ఫోను చేసి చెప్పొచ్చు. బటన్ ఫోనైనా చాలు, పైసా ఖర్చు లేదు. ఇలా చేస్తే పీఎం కిసాన్ డబ్బు పడిన మెసేజ్ రాదేమోనని కొందరికి భయం. ఆ భయం అక్కర్లేదు. బ్యాంకు లావాదేవీల మెసేజ్‌లు, ఓటీపీలు వస్తూనే ఉంటాయి. ప్రచారం మాత్రమే ఆగుతుంది.

రెండో రకం, మామూలు పదంకెల నంబరు నుంచి ప్లాట్లు, లోన్లు అమ్మేవాళ్లు. వీళ్లు నమోదు చేసుకోరు కాబట్టి, మనం వద్దని రాయించుకున్నా వీళ్లకు పట్టదు. వీళ్ల మీద ఫిర్యాదు చేయాలి. చేసిన నంబరు, తేదీ, ఏం మాట్లాడారో రెండు ముక్కలు 1909కి పంపాలి. ఇదివరకు మూడు రోజుల్లోపే చేయాల్సి వచ్చేది. 2025 ఫిబ్రవరిలో ట్రాయ్ చేసిన సవరణతో గడువు ఏడు రోజులైంది. ఫోను కంపెనీ చర్య తీసుకోవడానికి ఉన్న 30 రోజుల గడువు అయిదు రోజులకు తగ్గింది. ముందుగా 1909లో నమోదు కాకపోయినా ఇలాంటి వాళ్ల మీద ఫిర్యాదు చేయొచ్చు.

ఆ సవరణలో మన సంఘానికి పనికొచ్చే మాట ఇంకొకటి ఉంది. ఒక నంబరు మీద పది రోజుల్లో అయిదుగురు వేర్వేరుగా ఫిర్యాదు చేస్తే కంపెనీ చర్యకు దిగాలి. ఒక్కడు విసుక్కుని ఫోను పెట్టేస్తే వాడికి నష్టం లేదు. ఒకే ఊళ్లో అయిదుగురం కలిసి ఫిర్యాదు చేస్తే వాడి నంబరుకే ఎసరు వస్తుంది. సంఘం బలం అంటే ఇదే.

మూడో రకం దొంగలు. వీళ్లకు 1909 చాలదు. వీళ్లు మన కష్టాలు చదువుకుని మరీ వస్తారు. పీఎం కిసాన్, అన్నదాత సుఖీభవ డబ్బు పడే రోజులు చూసుకుని, ‘మీ ఈకేవైసీ పెండింగు ఉంది, ఈ యాప్ వేసుకోండి’ అని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపుతారు. అది నొక్కితే మన ఫోను వాడి చేతికి పోయినట్టే. మామిడి కొంటామని, మిలిటరీ ఆఫీసరునని చెప్పి క్యూఆర్ కోడ్ పంపుతారు. గుర్తు పెట్టుకోండి, డబ్బు మనకు రావడానికి పిన్ను కొట్టక్కర్లేదు. పిన్ను కొట్టామంటే డబ్బు మన ఖాతాలోంచి పోతుంది. ‘మీ అబ్బాయి కేసులో దొరికాడు’ అని పోలీసు గొంతుతో బెదిరిస్తారు. వెంటనే పెట్టేసి అబ్బాయికే ఫోను చేయండి. వీడియో కాల్‌లో అరెస్టు చేయడం అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. ఇలాంటి కాల్ వస్తే, డబ్బు పోకపోయినా, సంచార్ సాథీలోని ‘చక్షు’లో నమోదు చేయించండి. ఇంట్లో చదువుకున్న పిల్లలు చేసిపెడతారు.

ఆ గొంతుల్లో కొన్ని మన పిల్లల గొంతులేనని కూడా తెలుసుకోవాలి. 2024 మేలో విశాఖ పోలీసులు ఒక కేసు బయటపెట్టారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి ఏజెంట్లు విశాఖ, శ్రీకాకుళం వైపు యువకులను కంబోడియా పంపారు. అక్కడ వాళ్లను నిర్బంధించి, మన దేశస్తులకే ఫోన్లు చేసి మోసం చేసే పని చేయించారు. ఎదురు తిరిగితే హింస. ఊళ్లో పని దొరక్క, సాగు కలిసిరాక అప్పు చేసి వెళ్లినవాళ్లు అలా చిక్కుకున్నారు. ఫోనులో మోసపోయే రైతు, ఫోను చేయించబడే రైతు కొడుకు, ఇద్దరూ ఒకే కరువులో నుంచి వచ్చినవాళ్లు. విదేశీ ఉద్యోగమంటూ ఏజెంటు ఊళ్లోకి వస్తే సంఘానికి చెప్పండి.

డబ్బు పోతే ఏం చేయాలి? సిగ్గుపడి దాచుకోవద్దు. ఆ క్షణమే 1930కి ఫోను చేయాలి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటిపోయే లోపు చెబితే ఆపే అవకాశం ఉంటుంది. పొద్దున్న చూద్దాంలే అంటే చెయ్యి దాటిపోతుంది. తర్వాత బ్యాంకుకు చెప్పి ఫిర్యాదు నంబరు రాయించుకోవాలి. 2017 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులరు ప్రకారం, మనం చెప్పిన తర్వాత ఇంకా పోయిన సొమ్ముకు బాధ్యత బ్యాంకుదే. అందుకే ఏ టైముకు చెప్పామో కాగితం మీద ఉండాలి.

అయితే మిత్రులారా, తప్పంతా రైతు అమాయకత్వానిదేనని అనడం అన్యాయం. ఈకేవైసీ లేదని, ఆధార్ లింకు కాలేదని నిజంగానే మన డబ్బు ఆగిపోతోంది కదా! దొంగ వాడే మాట ఆఫీసులో రోజూ వినే మాటే. ఆ భయం ఉన్నంతకాలం వాడి వ్యాపారం నడుస్తుంది. కాబట్టి మన డిమాండ్లు ఇవి.

ఒకటి, ఎవరి డబ్బు ఎందుకు ఆగిందో రైతు సేవా కేంద్రంలో జాబితా అంటించి, ఈకేవైసీ అక్కడే చేయాలి. రెండు, 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు చెప్పినట్టు ఖాతా పనులకు చేసే ఫోన్లు 1600తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయాలి. ఆ సంగతి ప్రతి బ్రాంచి గోడ మీద తెలుగులో రాయాలి. అప్పుడు పదంకెల నంబరు నుంచి ‘బ్యాంకు నుంచి’ అనగానే మనకు అర్థమవుతుంది. మూడు, సైబరు ఫిర్యాదు మండల పోలీసు స్టేషన్లోనే తీసుకోవాలి. పరిధి కాదని తిప్పి పంపకూడదు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం జీరో ఎఫ్ఐఆర్‌కు వీలిచ్చింది.

ఇక మన పని. వచ్చే సమావేశం లోపు ప్రతి గ్రామ కమిటీ ఒక సాయంత్రం రచ్చబండ దగ్గర కూర్చోవాలి. వచ్చినవాళ్లందరి ఫోన్ల నుంచి 1909కి మెసేజ్ పంపించాలి. ఒంటరిగా ఉండే ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి చేసిపెట్టాలి. విసిగించే నంబర్లు ఒక నోటుబుక్కులో రాసి, అయిదుగురు చొప్పున ఫిర్యాదు చేయాలి. ఎన్ని పంపారో, ఎన్నింటిపై చర్య జరిగిందో ఆ పుస్తకం పట్టుకుని వచ్చే నెల సమావేశానికి రండి. ఆ లెక్కతోనే అధికారుల దగ్గరకు వెళ్దాం.