అతిథులకు మన నాటకము
(గ్రామ కళాకారుల సమావేశమున చేసిన ప్రసంగము)



మన ప్రాంతమునకు పొరుగూళ్ల వారు విరివిగా వచ్చుచున్నారు. సెలవు దినములందు సూర్యలంక సముద్రతీరము కుటుంబములతో నిండును. కొందరు బాపట్ల భావనారాయణస్వామిని దర్శించెదరు. కొందరు రేపల్లె దారిలో భట్టిప్రోలు స్తూపమును చూచెదరు. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట వారికి చూపుటకు మనము ఏమి సిద్ధపరచితిమి? సముద్రము అనేక ఊళ్లకు కలదు. పద్యనాటకము మన సొమ్ము. దానిని అతిథులకు ఎట్లు చూపవలెనో మీతో ముచ్చటింప దలచితిమి.

ఈ విషయమున మనకు గల అర్హత స్వల్పమైనది కాదు. స్థానం నరసింహారావుగారు 1902లో బాపట్లలో జన్మించిరి. 1920లో అచ్చట హరిశ్చంద్ర నాటకమునకు చంద్రమతి వేషధారి రాకపోగా, యువకుడైన ఆయన ముందుకు వచ్చి ఆ వేషము కట్టిరి. తరువాత తెనాలి శ్రీరామవిలాస సభలో చేరిరి. సత్యభామగా, చిత్రాంగిగా, రోషనారగా, మధురవాణిగా ఆంధ్రదేశమంతట కీర్తి గడించిరి. 1956లో పద్మశ్రీ బిరుదము పొందిరి. మాధవపెద్ది వెంకట్రామయ్యగారు, వైద్యులైన గోవిందరాజుల సుబ్బారావుగారు తెనాలి రంగస్థలమునకు వన్నె తెచ్చినవారే.

వీరి నాటకములు యాత్రికుల కొరకు పుట్టినవి కావు. పద్యము కంఠస్థమైన రైతు ముందువరుసలో కూర్చుండెడివాడు. రాగము తప్పిన సహించెడివాడు కాడు. మెచ్చిన 'వన్స్ మోర్' అని కేక వేసెడివాడు. ఆ ప్రేక్షకుడే నటునకు గురువు. కనుక మేము చెప్పదలచిన మాట ఒక్కటే: మన ఊరు చూడని నాటకమును అతిథికి చూపరాదు. అట్టిది త్వరలోనే ప్రాణము లేని బొమ్మలాట అగును.

రేపల్లెకు ఆవలి గట్టున చూడుడు. పెనుమూడి, పులిగడ్డల నడుమ వంతెన దాటి దివిసీమ మీదుగా పోయిన కూచిపూడి చేరవచ్చును. అచ్చటి భాగవతుల కుటుంబములు తరతరములుగా బిడ్డలకు విద్య నేర్పినవి. ప్రపంచము ఆ పల్లెను వెదకికొని వచ్చినది. ముందు సాధన, పిదప సందర్శకులు.

ఇక ఆచరణకు వత్తము. తెల్లవారువరకు ఆడు నాటకమును రెండు గంటలలో ఇముడ్చుటకై పద్యములను కత్తిరింపకుడు. ఒక రంగమును ఎన్నుకొని పూర్తిగా ఆడుడు. రాయబారము కావచ్చును, కాటిసీను కావచ్చును, తులాభారము కావచ్చును. తెర లేచుటకు ముందు కథను నాలుగు మాటలలో చెప్పుడు; తెలుగు రానివారికి వారి భాషలో చెప్పించుడు.

కేరళమున కొచ్చి నగరములో కథకళి ఆడుచోట సందర్శకులను ముందుగానే రప్పించి, నటులు ముఖమునకు రంగులు వేసికొనుట చూపెదరు. ఇది మనమును అనుసరింపదగినది. సామాన్యుడు కిరీటము ధరించి కృష్ణుడగుటను చూచిన బాలుడు ఆ రాత్రిని మరువడు.

అన్నింటికంటె ముఖ్యము, కళాకారుని కూలి. రాత్రి చక్రవర్తి వేషము కట్టినవాడు ఉదయమున బస్సు చార్జీకై కాంట్రాక్టరు కొరకు వేచియుండుట మనకు గౌరవము కాదు. టిక్కెట్లు అమ్ముడైనను కాకున్నను, ఒప్పుకొన్న సొమ్మును తెర లేచుటకు ముందే ఈయవలెను. హార్మోనిస్టును, తబలా వాయించువానిని మరువరాదు. శ్రుతి పట్టువారు కరవైన నాడు పద్యము వట్టి వచనమగును. తండ్రికి జీవనము గడవని విద్యను కుమారుడు నేర్చుకొనడు. నేడు మనము పోగొట్టుకొనుచున్నది ఆ కుమారునే.

రాబోవు శ్రీరామనవమి పందిరిలో ముందువరుసను మన పిల్లలకు కేటాయింతము. వారి నడుమ అతిథికి చాప పరతము. పిల్లలు పద్యమును అందుకొన్న యెడల, అతిథికి వేరుగా వివరింప పనిలేదు.