కథ రాసేవాడి డ్యూటీ వేళలు

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"రిటైరయ్యాక కథలు రాసుకుంటున్నారట, మంచి కాలక్షేపం" అని చాలామంది అంటుంటారు. ఆ కాలక్షేపం ఎలా సాగుతుందో చెప్పమని మన కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను పేరున్న రచయితను కాను. నాకు ఏ ప్రచురణకర్తతోనూ ఒప్పందం లేదు. సొంతంగా రాసుకుని, సొంత ఖర్చుతో అచ్చువేసుకుని, సొంతంగా కట్టలు కట్టి పోస్టు చేసుకునేవాణ్ణి.

సార్టింగులో ఏళ్ల తరబడి తెల్లవారుజాము డ్యూటీలు చేసినవాళ్లకి నాలుగున్నరకు మెలకువ రావడం మామూలే. అయిదు నుంచి ఏడున్నర దాకా రాస్తాను. ఒక్కోరోజు మూడు పేజీలు, ఒక్కోరోజు నిన్న రాసినవి కొట్టివేయడమే పని. సర్వీసులో అయితే రానివాడికి గైరుహాజరు పడుతుంది. ఇక్కడ అడిగేవాడు లేడు. అందుకని ఒక పాత డైరీలో రోజూ ఎన్ని పేజీలు రాశానో వేసుకుంటాను. సున్నా అయితే సున్నా అనే వేస్తాను.

ఈ పద్ధతి నా సొంతం కాదు. ఆంథొనీ ట్రాలప్ అని ఇంగ్లీషు నవలా రచయిత ఉండేవాడు. 1834లో లండన్ పోస్టాఫీసులో గుమాస్తాగా చేరి, 1867 దాకా తపాలాశాఖలోనే పనిచేశాడు. ఒక విధంగా మనవాడే. వీధుల్లో నిలబెట్టే పోస్టుడబ్బాలను బ్రిటిష్ తపాలాశాఖ 1852లో చానెల్ దీవుల్లో మొదలుపెట్టింది ఆయన సిఫారసు మీదే. తెల్లవారి అయిదున్నరకు కాఫీ ఇచ్చి లేపడానికి ఒక నౌకరుకు సంవత్సరానికి 5 పౌన్లు అదనంగా ఇచ్చేవాడట. గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవాడు. అలా 47 నవలలు పూర్తిచేశాడు. చనిపోయిన మరుసటి ఏడు, 1883లో, ఆత్మకథ అచ్చయి ఈ లెక్కలన్నీ బయటపడేసరికి, ఇదేం సాహిత్యం అని చాలామంది ముఖం చిట్లించారు. నాకు మాత్రం ఆ లెక్కలు చదివాకే ఆయనమీద గౌరవం పెరిగింది. అయితే ఆయన పింఛనుకు అర్హత రాకముందే రాజీనామా చేశాడు. ఆ ధైర్యం నాకు ఎప్పుడూ లేదు.

"ఉద్యోగంలో ఉండి రాయవచ్చా?" అని సర్వీసులో ఉన్న పిల్లలు ఇప్పటికీ అడుగుతుంటారు. 1964 నాటి కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళిలోనే, కేవలం సాహిత్య సంబంధమైన రచనకు ముందస్తు అనుమతి అక్కర్లేదని ఉంది. భయపడకుండా రాసుకోమనండి.

ఇంకో ప్రశ్న ఉంది. ఇది కొంచెం గట్టిది. "మీకేమండీ, ఊరందరి ఉత్తరాలూ మీ చేతులమీదుగా పోయాయి, కథలకేం కొదువ?" అంటారు. కోనసీమలో పనిచేసిన రోజుల్లో కువైట్ నుంచి కూతుళ్లు రాసిన ఉత్తరాలు చదువురాని తల్లులకు నేనే చదివి వినిపించేవాణ్ణి. జవాబులూ నేనే రాసిపెట్టేవాణ్ణి. వాటిలో ఉన్న విషయం ఒక్కటి కూడా నా కథల్లో లేదు. ఆవిడ నాకు చెప్పలేదు, తన కూతురికి చెప్పుకుంది. నేను మధ్యలో కలం పట్టుకున్నానంతే. అది రాస్తే మంచి కథలే అయ్యేవేమో. ఆ తల్లుల్లో కొందరు ఇప్పటికీ ఉన్నారు, మనవలు చదువుకున్నారు, పుస్తకం వాళ్ల చేతికి వెళ్లవచ్చు. విన్నది రాయను గాని, చూసింది రాస్తాను. కవరు చింపేటప్పుడు లోపలి కాగితం ఎక్కడ చిరుగుతుందోనని వేళ్లు వణకడం ఎవరి రహస్యమూ కాదు.

రాసింది ముందుగా మా ఆవిడకు చదువుతాను. చిక్కుడుకాయలు వలుస్తూ వింటుంది. బాగుందనీ బాగోలేదనీ అనదు. "ఆ పిల్ల పుట్టింటికి వెళ్లి మూడోనాడే ఎందుకు తిరిగొచ్చిందో చెప్పలేదండీ" అంటుంది. మర్నాడు అయిదింటికి నా పని అదే.

ఇక డబ్బు సంగతి. ఈ సభలో పుస్తకం వేయాలని ఉన్నవాళ్లు కనీసం అరడజనుమంది ఉన్నారని నాకు తెలుసు, కాబట్టి దాచకుండా చెబుతాను. డెమ్మీ సైజులో 160 పేజీలంటే పదహారు పేజీల ఫారాలు పది. వెయ్యి ప్రతులు వేస్తే ఒక్కో ప్రతి చవక పడుతుందని ప్రెస్సువారు అంటారు. నిజమే. మిగిలిన ఏడువందలూ ఎవరి మంచం కింద పెట్టాలి? నేను మూడువందలే వేయించాను. అందులో అమ్ముడైనవి నూటపది, ఇచ్చినవి తొంభై, ఒకటి శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో స్థాపించిన కథానిలయానికి. మిగిలినవి బీరువాలో ఉన్నాయి. పుస్తకాల షాపువారు నలభై శాతం కమిషన్ తీసుకుని, అమ్ముడయ్యాక ఇస్తారు. ఐఎస్‌బిఎన్ నంబరుకు వేలకు వేలు అడిగేవాళ్లు తగులుతారు. ఆ నంబరు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉచితంగానే ఇస్తుంది. పోస్టేజీ సంగతి మీకు నేను చెప్పాలా! 2024 డిసెంబరులో బుక్‌పోస్టు ఎత్తివేశారు. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్‌పోస్టులో కలిపేశారు. జీవితమంతా బుక్‌పోస్టు కట్టలకు ముద్రలు కొట్టినవాణ్ణి, నా పుస్తకం దాకా వచ్చేసరికి ఆ సదుపాయం లేకుండా పోయింది.

ఒక్క విషయంలో మాత్రం ఇంట్లో కచ్చితమైన ఏర్పాటు చేసుకున్నాం. నా తరవాత మా ఆవిడకు వచ్చేది ఫ్యామిలీ పెన్షను. మామూలు రేటు చివరి జీతంలో 30 శాతం, ఇప్పుడు నాకు వచ్చేది 50 శాతం. ఆ తేడాకోసం బ్యాంకులో వేసిన సొమ్ము పుస్తకాలకు ముట్టుకోకూడదని ఇద్దరం అనుకున్నాం. నెలనెలా పెన్షనులో కొంత విడిగా వేస్తాను, అది చాలినంత అయినప్పుడే ప్రెస్సుకు వెళతాను. రెండో పుస్తకం ఆలస్యం కావడానికి కారణం అదే తప్ప, ప్రేరణ రాక కాదు. మా అబ్బాయి "నేనిస్తాను నాన్నా" అన్నాడు. వాడికి పిల్లల ఫీజులున్నాయి, వద్దన్నాను.

అన్నట్టు, విల్లు రాసేవాళ్లు ఈ ముక్క కూడా చేర్చండి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కు వారసులది. నా కథలమీద హక్కు మా ఆవిడకే రాశాను. చదివి వినిపిస్తే, "చిక్కుడుకాయలకైనా వస్తాయా?" అంది.

ప్రస్తుతం నవల తొమ్మిదో ప్రకరణంలో ఉంది. ఎవరైనా తాము రాసినవి తెస్తే ప్రూఫులు చూసిపెడతాను, డబ్బేమీ వద్దు. ఉదయం ఏడున్నర దాటాక రండి. సెలవు.