మందును ఆపేసే మిథైల్

ధర్మపురి, పాలకోడు, హోసూరు వైపు తెలుగు ఇళ్లలో ఈ ప్రసంగం వింటున్న అమ్మలకు, అయ్యలకు ఈ రోజు ఒక చిన్న రసాయన మార్పు గురించి చెప్పాలని వచ్చాను. ఒక కార్బన్ పరమాణువు, దానికి అంటుకున్న మూడు హైడ్రోజన్ పరమాణువులు. దీన్ని మిథైల్ అంటారు. ఇంత చిన్నది వెళ్లి ఒక చోట అతుక్కుంటే చాలు, నిన్నటిదాకా గొంతునొప్పినీ చీముగడ్డనూ తగ్గించిన మందు ఇవాళ పనిచేయడం మానేస్తుంది.

అదెలాగో చూద్దాం. ప్రాణి బతకాలంటే దాని కణాల్లో ప్రోటీన్లు తయారవుతూ ఉండాలి. ఏ ప్రోటీన్ ఎలా చేయాలన్నది డిఎన్‌ఎలో రాసి ఉంటుంది. అందులోంచి కావలసిన భాగానికి నకలు తీస్తే అది ఆర్‌ఎన్‌ఎ. ఆ నకలును చదువుకుంటూ, అమైనో ఆమ్లాలను ఒకదాని వెంట ఒకటి కలిపి ప్రోటీన్ గొలుసును అల్లేది రైబోజోమ్. ఈ రైబోజోమ్ కూడా చాలావరకు ఆర్‌ఎన్‌ఎతోనే కట్టి ఉంటుంది. మనకు రైబోజోములు ఉన్నట్టే మనకు జబ్బు తెచ్చే బాక్టీరియాకూ ఉన్నాయి. అయితే రెండింటి నిర్మాణంలో తేడాలున్నాయి. ఆ తేడాలే వైద్యానికి ఆధారం.

బాక్టీరియా రైబోజోమ్‌ను ఆపితే దానికి ప్రోటీన్ ఉండదు, అది పెరగదు. ఇలా పనిచేసే మందుల్లో ఒక పెద్ద కుటుంబం టెట్రాసైక్లిన్లు. వాటిలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. దాన్ని కనుగొన్నవారు బెంజమిన్ డగ్గర్. అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆ పరిశోధనలను నడిపించినవారు మన భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఇలాంటిదే మరో కుటుంబం ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్. అజిత్రోమైసిన్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. అల్లిన ప్రోటీన్ గొలుసు రైబోజోమ్ నుంచి బయటికి వచ్చేందుకు ఒక సొరంగం ఉంటుంది. ఈ కుటుంబపు మందు ఆ సొరంగం మొదట్లో కూర్చుంటుంది. అక్కడ ఆర్‌ఎన్‌ఎలో 2058వ స్థానంలో అడెనిన్ అనే అక్షరం ఉంటుంది. మందుకు పట్టు దొరికేది ప్రధానంగా దానివల్లే. మన కణాల రైబోజోమ్‌లో ఆ చోట గ్వానిన్ అనే మరో అక్షరం ఉంటుంది. అందుకే ఈ మందు మన ప్రోటీన్ తయారీ జోలికి రాదు.

మందును తట్టుకునే బాక్టీరియా ఏం చేస్తుందంటే, సరిగ్గా ఆ 2058వ అడెనిన్‌కు ఒకటో రెండో మిథైళ్లు తగిలిస్తుంది. తాళం రంధ్రంలో లక్క చుక్క పడ్డట్టు, మందు ఇక అందులో దూరలేదు. రైబోజోమ్ మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. ఎరిత్రోమైసిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్ బాక్టీరియా ఆర్‌ఎన్‌ఎలో ఈ మిథైల్ మార్పు ఉన్నట్టు 1971లోనే తెలిసింది. ఎరిత్రోమైసిన్‌ను తయారుచేసే మట్టిలోని సూక్ష్మజీవి కూడా తన విషం తనకే తగలకుండా తన రైబోజోమ్‌కు ఇదే మిథైల్ వేసుకుంటుంది. ఈ విద్యకు సంబంధించిన జన్యువులు ఒక బాక్టీరియా నుంచి మరొకదానికి చేతులు మారుతుంటాయి.

ఇందులో ఒక విశేషం ఉంది. కొన్ని బాక్టీరియాలు ఈ మిథైల్‌ను అన్నివేళలా వేసుకుని ఉండవు. మిథైల్ తగిలించే ఎంజైముకు సంబంధించిన ఆర్‌ఎన్‌ఎ ముడుచుకుని, చదవాల్సిన చోటు మూసుకుని ఉంటుంది. ఎరిత్రోమైసిన్ కొద్దిగా లోపలికి వచ్చి రైబోజోమ్‌ను ఒక చోట నిలిపేయగానే ఆ మడత విచ్చుకుంటుంది, ఎంజైము తయారవుతుంది. మందు తగిలాకే మందును ఎదిరించే ఆయుధం బయటికి వస్తుందన్నమాట.

దీన్ని ల్యాబ్‌లో కంటితో చూడొచ్చు. చీము నుంచి తీసిన బాక్టీరియాను గుండ్రటి ప్లేటులో పెంచి, ఎరిత్రోమైసిన్ బిళ్ల ఒకటి, దాని పక్కన, ఇదే మిథైల్ అడ్డుకునే మరో మందు క్లిండామైసిన్ బిళ్ల ఒకటి పెడతారు. క్లిండామైసిన్ చుట్టూ బాక్టీరియా పెరగక గుండ్రటి ఖాళీ ఏర్పడాలి. కానీ ఎరిత్రోమైసిన్ వైపున ఆ గుండ్రం నొక్కుకుపోయి, ఇంగ్లీషు డి అక్షరంలా కనిపిస్తే, ఈ బాక్టీరియా మిథైల్ వేసుకోగలదని అర్థం. పేరు కూడా డి-టెస్టే. అలాంటప్పుడు క్లిండామైసిన్ ఇస్తే తగ్గకుండా పోయే ప్రమాదం ఉంది. డాక్టరు కల్చర్ టెస్టు రాస్తే ఖర్చు దండగ అనుకోకండి. ఏ మందు పనిచేస్తుందో చెప్పేది అదే.

పెద్దాసుపత్రుల్లో సమస్య ఇంకా పెద్దది. 2010లో మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధకులు కూడా పాల్గొన్న ఒక అధ్యయనం చెన్నై రోగుల్లో ఎన్‌డిఎం-1 అనే జన్యువున్న బాక్టీరియాను చూపించింది. ఆ జన్యువు చేసే ఎంజైము మరో రకం మందులనే విరగ్గొట్టేస్తుంది. ఇలాంటి బాక్టీరియాల్లో చాలావాటికి, రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఎలో మరో చోట మిథైల్ తగిలించే జన్యువులు కూడా తోడుంటాయి. అప్పుడు అమికాసిన్, జెంటామైసిన్ సూదులూ పనిచేయవు.

ఆర్‌ఎన్‌ఎకు రసాయన మార్పులు చేయడం చెడ్డదేం కాదు. అలాంటి మార్పులు 150 రకాలకు పైగా తెలుసు. మన సొంత రైబోజోముల్లోనూ అవి బోలెడున్నాయి. ఆర్‌ఎన్‌ఎలోని ఒక అక్షరాన్ని కొద్దిగా మార్చి ఒంట్లోకి పంపితే, ఒళ్లు దానికి అనవసరంగా ఎదురుతిరగదని, ప్రోటీన్ ఎక్కువగా తయారవుతుందని కాటలిన్ కరికో, డ్రూ వైస్మన్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. కొవిడ్ ఎంఆర్‌ఎన్‌ఎ టీకాలకు దారి వేసిన ఆ పనికి 2023లో నోబెల్ వచ్చింది. మిథైల్ వేసుకున్న రైబోజోమ్‌నూ పట్టుకోగల క్రెసోమైసిన్ అనే కొత్త అణువును హార్వర్డ్ శాస్త్రవేత్తలు తయారుచేశారు. అది ఎలుకల్లో పనిచేసింది. మందుల షాపుకు రావడానికి మాత్రం ఇంకా చాలా దూరం ఉంది.

అంతవరకు ఉన్న మందులను కాపాడుకోవాల్సింది మనమే. జలుబు, ఫ్లూ వైరస్ వల్ల వస్తాయి. వైరస్‌కు సొంత రైబోజోమ్ ఉండదు, మనదే వాడుకుంటుంది. కాబట్టి బాక్టీరియా రైబోజోమ్‌ను ఆపే మాత్ర దాన్నేం చేయలేదు. పైగా ఒంట్లో మామూలుగా ఉండే బాక్టీరియాల్లో లొంగనివి మాత్రమే మిగిలి, అవే పెరుగుతాయి. మాత్రల అట్ట మీద నిలువుగా ఎర్ర గీత ఉందేమో చూడండి. ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా వేసుకోకూడని మందు. డాక్టరు చెప్పినన్ని రోజులు, చెప్పిన వేళకు వాడండి. మిగిలినవి దాచి, పక్కింటి పిల్లాడి జ్వరానికి ఇవ్వకండి. ఆవుకు పొదుగువాపు వస్తే పశువైద్యుడు చెప్పకుండా యాంటీబయాటిక్ పొడిపించకండి. ఆయన వద్దన్నన్ని రోజులు ఆ పాలు డెయిరీకి పోయకండి. సబ్బుతో చేతులు కడుక్కోవడం, పిల్లలకు వేళకు టీకాలు వేయించడం వల్ల జబ్బే తగ్గుతుంది, మందు అవసరమే తగ్గుతుంది.

రేపు మీ ఇంట్లో పసిబిడ్డకు న్యుమోనియా వచ్చి ఆసుపత్రికి పరిగెత్తాల్సి వస్తే, డాక్టరు చేతిలో పనిచేసే మందు ఉండాలి. అది ఉంటుందా లేదా అన్నది ఇవాళ మందుల షాపు ముందు మనం అడిగే మాత్ర మీద కూడా ఆధారపడి ఉంది. ఈ మాట గుర్తుంచుకోండి, ఇంట్లో నలుగురికీ చెప్పండి.