పొలముపై డ్రోన్ – చోదకుని ఎరుక

గుంటూరు, ప్రకాశం సీమలోని నల్లరేగడి నేలలలో ప్రత్తి, మిరప పండించు కుటుంబములకు పురుగుమందు చల్లుట క్రొత్త పని కాదు. వీపున మందుడబ్బా, చేతిలో గొట్టము, ముఖమునకు చుట్టిన తువ్వాలు – ఈ దృశ్యము ప్రతి యూరిలోను కనబడునదే. 2021-22 పంటకాలమున నల్ల తామరపురుగు మిరపతోటలపై విరుచుకుపడినప్పుడు ఈ శ్రమ మరింత హెచ్చెను. మందు చల్లువాని ఒంటికి తగులును; పని ముమ్మరముగా నున్న రోజులలో కూలీలు దొరకరు. ఈ రెండు ఇబ్బందులను తగ్గించు సాధనముగా ఇటీవలి సంవత్సరములలో డ్రోన్ మన పొలములకు వచ్చినది.

మన చేలలో సాధారణముగా కనబడు డ్రోన్‌కు పది లీటర్ల తొట్టి యుండును. మందుతో కూడ దాని బరువు ఇంచుమించు 25 కిలోలు. పైరుకు రెండు మూడు మీటర్ల ఎత్తున ఎగురుచు ఎకరమును పది నిమిషములలో ముగించును. చేతిపంపుతో చల్లినప్పుడు ఎకరమునకు నూరు లీటర్లకు పైగా నీరు పట్టుచుండగా దీనికి పది లీటర్లు చాలును. అనగా దీని ప్రతి తుంపరలోను మందు అనేక రెట్లు చిక్కగా నుండునని అర్థము. మీద తిరుగు రెక్కలు కత్తులవంటివి. ఇంత బరువు, ఇంత వేగము, ఇంత చిక్కని మందు గల యంత్రమును ఒక మనిషి గట్టుమీద నిలిచి నడుపుచుండును. అతనిని చోదకుడు అందము. ఈ పనిలో స్త్రీలును కలరు గనుక ఆ మాట ఇరువురికిని వర్తించును.

విమానములో కూర్చుండి నడపువానికి, నేలపై నిలిచి నడపువానికి గల భేదమును మొదట గుర్తింపవలెను. విమానములోని చోదకునకు ఇంజను ధ్వని మారినచో చెవికి తెలియును. గాలి కుదిపినచో ఒడలికి తెలియును. కాలిన వాసన ముక్కునకు తెలియును. ప్రమాదము వచ్చినచో తనకే వచ్చును గనుక భయము కూడ ఒక కాపలాదారు. నేలమీది చోదకునకు ఈ వార్తాహరులు చాలవరకు లేవు. అతని చేతిలో ఒక చిన్న తెర యుండును. ఎత్తు, వేగము, బ్యాటరీలో మిగిలిన శక్తి, తొట్టిలో మిగిలిన మందు దానిలో అంకెలుగా కనబడును. ఆ అంకెలు యంత్రమును గూర్చి చెప్పును. పొలమును గూర్చి చెప్పవు. ప్రక్క చేలో వంగి కాయలు కోయుచున్న స్త్రీ ఆ తెరలో కనబడక పోవచ్చును. ఈ లోపమును చోదకుడు తన ఎరుకతో పూరింపవలసి యున్నది.

ఈ ఎరుక యనునది ఏమి? అమెరికాలో విమాన చోదకుల ప్రవర్తనను పరిశోధించిన మికా ఎండ్స్‌లీ అను శాస్త్రజ్ఞురాలు 1995లో దీనిని మూడు మెట్లుగా విభజించి వివరించెను. చుట్టునున్నదానిని చూచుట మొదటి మెట్టు. చూచినదాని అర్థమును గ్రహించుట రెండవది. అది మరి కొన్ని క్షణములలో ఏమి కాబోవునో ఊహించుట మూడవది. మన పొలములోనే దీనికి ఉదాహరణ కలదు. బోరుమోటారుకు కరెంటు తెచ్చు స్తంభములు చేని అంచున నిలిచి యున్నవి. వానిని చూచుట మొదటి మెట్టు. సన్నని తీగెలు ఎండలో కంటికిగాని, కెమేరాకుగాని ఆనకపోయినను, రెండు స్తంభములున్నచోట వాని నడుమ తీగె యుండి తీరునని గ్రహించుట రెండవ మెట్టు. డ్రోన్ ఈ సాలు చివర మలుపు తిరుగునప్పుడు ఆ తీగెకు ఎంత చేరువగా పోవునో ముందే లెక్కించుట మూడవ మెట్టు. మొదటి మెట్టుపైనే ఆగిపోయినవాడు స్తంభమును తప్పించి తీగెకు తగిలించును.

ఎరుక తప్పినచో ఏమగునో 2017 సెప్టెంబరు 21న న్యూయార్కు నగరములోని స్టాటెన్ ఐలండ్ సమీపమున తెలిసివచ్చినది. వినోదమునకై డ్రోన్ ఎగురవేయుచున్న ఒకడు దానిని ఇంచుమించు నాలుగు కిలోమీటర్ల దూరము పంపి, తెరనే చూచుచుండెను. ఆ సాయంకాలము అచ్చట ఎగురుటకు తాత్కాలిక నిషేధమున్న సంగతి అతనికి తెలియదు. ఆ ప్రక్కగా సైనిక హెలికాప్టర్ వచ్చుచున్న సంగతియు తెలియదు. డ్రోన్ హెలికాప్టర్ రెక్కకు తగిలినది. హెలికాప్టర్ క్షేమముగా దిగుట అదృష్టము. తెరపై చిత్రము ఆగిపోగా తన యంత్రము నీటిలో పడినదని అతడు తలచెను. దర్యాప్తు అధికారులు వచ్చి అడుగువరకు ఢీకొన్న సంగతియే అతనికి తెలియదు.

ఇది దూరదేశపు ముచ్చట, మన మిరపచేలపై హెలికాప్టర్లెక్కడివి అని అనుకొనరాదు. అద్దంకికి చేరువగా కొరిశపాడు వద్ద జాతీయ రహదారిపైననే విమానములు అత్యవసరముగా దిగుటకు పథము నిర్మించిరి. 2022 డిసెంబరు 29న, మరల 2024 మార్చిలో వైమానికదళపు విమానములు అచ్చట అతి తక్కువ ఎత్తున ఎగిరి పరీక్షలు జరిపినవి. బాపట్లకు సమీపమున సూర్యలంకలో వైమానికదళ కేంద్రము కలదు. 2021 ఆగస్టులో వెలువడిన డ్రోన్ నియమావళి గగనమును ఆకుపచ్చ, పసుపుపచ్చ, ఎరుపు మండలములుగా విభజించినది. ఆకుపచ్చ మండలమున 400 అడుగులవరకు ఎగురవచ్చును; విమానాశ్రయపు సరిహద్దునుండి 8 మొదలు 12 కిలోమీటర్ల నడుమ 200 అడుగులే మేర. మనుష్యులున్న విమానమునకు డ్రోన్ ఎల్లప్పుడు దారి ఈయవలెను. ఈ మండలములను చూపు పటమును నిన్న చూచితిమి గదా యని నేడు మానరాదు. నిషేధములు దినదినమునకు మారవచ్చును.

ఆకాశమును ఎరిగియుండుట ఒక యెత్తు. యంత్రము ఏ స్థితిలో నున్నదో ఎరిగియుండుట మరియొక యెత్తు. 2006 ఏప్రిల్ 25 తెల్లవారుజామున అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున నోగాలెస్ పట్టణమునకు దగ్గరలో, సరిహద్దును కాయుచున్న పెద్ద మానవరహిత విమానమొకటి కూలిపోయినది. నడపుచున్న యంత్రపుబల్ల స్తంభించుటచే చోదకుడు అధికారమును ప్రక్కనున్న రెండవ బల్లకు మార్చెను. రెండును ఒకే పోలికగా నుండెను. కాని రెండవ బల్లపై నున్న మీట ఇంధనమును ఆపు స్థానమున నున్నది. మార్చుటకు ముందు రెండు మీటలను సరిచూడలేదు. ఇంజను ఆగినది. విమానములో నున్నచో ఆ నిశ్శబ్దమే చెప్పి యుండెడిది. గదిలో నున్నవానికి అది వెంటనే అందలేదు. నేలపై ఎవరికిని గాయములు కాకుండుట మేలు.

మన పొలములో ఇట్టి మార్పుల ఘడియలు ప్రతి పది నిమిషములకు వచ్చును. బ్యాటరీ మార్చునప్పుడు, తొట్టి నింపునప్పుడు, ఒకరి చేతినుండి వేరొకరి చేతికి యంత్రము పోవునప్పుడు క్షణమాగి అంతయు మొదటినుండి సరిచూచుకొనుట మంచి అలవాటు. సంబంధము తెగినచో తనంతట తాను బయలుదేరిన చోటికి తిరిగివచ్చు ఏర్పాటు చాల డ్రోన్లలో కలదు. అది నిర్ణయించిన ఎత్తునకు లేచి తిన్నగా వచ్చును. ఆ ఎత్తు చుట్టునున్న తీగెలకంటె, చెట్లకంటె తక్కువగా నున్నచో రక్షణకై పెట్టిన ఏర్పాటే ప్రమాదమును తెచ్చును.

ఇక పొలము. ఎగురవేయుటకు ముందు చేని చుట్టు ఒకమారు కాలినడకన తిరిగినదానికి సాటియగు సాధనము లేదు. స్తంభములెన్ని, తీగెలెటు పోవుచున్నవి, గట్టుమీది తుమ్మచెట్టు కొమ్మ ఎంతవరకు చాచుకొని యున్నది, పశువులెక్కడ కట్టబడి యున్నవి, తేనెపెట్టెలు, చేపల చెరువులు, త్రాగునీటి గుంటలు ఉన్నవా – ఇవి కాళ్లకు తెలిసినట్లు తెరకు తెలియవు. మిరపకోతల నాడు ఈ జాగ్రత్త ఇనుమడింపవలెను. కర్నూలు ప్రాంతమునుండి కుటుంబములతో వచ్చిన కూలీలు చేల అంచుననే గుడిసెలు వేసికొందురు. పిల్లలు ఆడుకొనుచుందురు. ప్రక్కన కల్లములో పండుమిరప ఎండుచుండును. తన చేలో చల్లిన మందు గాలికి పోయి ఆ కాయలపై పడినచో అది చివరకు ఎవరి వంటింటికి చేరునో ఆలోచింపవలెను. ఉదయము నెమ్మదిగా నున్న గాలి ప్రొద్దెక్కినకొలది దిక్కు మార్చవచ్చును. గట్టుమీద ఒక కర్రకు గుడ్డపేలిక కట్టి అప్పుడప్పుడు దానివైపు చూచుట ఖర్చులేని ఉపాయము.

ఒక మనిషికి రెండే కన్నులు. తెరను చూచునపుడు ఆకాశమును చూడలేడు. అందుచేతనే రెండవ మనిషి అవసరము. జపాను దేశమున 1987నుండి యమహా సంస్థవారి మానవరహిత హెలికాప్టర్లతో వరిచేలకు మందు చల్లుచున్నారు. అచ్చట నడపువాడు ఒక గట్టున, సహాయకుడు ఎదుటి గట్టున నిలిచి, ఎడము, మలుపు, అడ్డంకులు మాటలతో తెలుపుట ఆచారము. మన రైతుకుటుంబములో ఆ సహాయకునికి కొరత లేదు. కాని అతడు డబ్బాలు మోయుటకే గాక, "ఆపు" అని గట్టిగా చెప్పుటకు కూడ హక్కు గలవాడై యుండవలెను. అతడు ఆపుమన్న క్షణమున చోదకుడు కారణమడుగక ఆపవలెను. కారణము తరువాత విచారింపవచ్చును.

ఎరుకకు ప్రధాన శత్రువు తొందర. చోదకునకు కూలి ఎకరముల లెక్కన ముట్టును. ప్రొద్దుక్రుంకులోపున మరి నాలుగు ఎకరములు పూర్తికావలెనని రైతు తొందరపెట్టును. బ్యాటరీలు వేడెక్కును, చోదకుని కన్నులు అలసిపోవును. ఆ స్థితిలో "నేడు గాలి బాగులేదు, రేపు చల్లుదము" అను మాట చోదకుని నోటినుండి రావలెనన్నచో, ఆ మాట అన్నందున అతని కూలి పోదను నమ్మకము రైతు కలిగింపవలెను. ఈ ప్రసంగము వినుచున్న గృహస్థులకు ఇందులో బాధ్యత కలదు. మందు చల్లు దినమును ముందురోజే చుట్టుప్రక్కల రైతులకు, కూలీలకు తెలియజేయుడు. మీ పొలములోని తీగెలను, గుంటలను చోదకునకు స్వయముగా చూపుడు. అతడు నడపుచున్నంతసేపు ఎదుట నిలిచి సంభాషణ సాగింపకుడు.

గుంటూరు ప్రక్కన లాంలో ప్రధాన కార్యాలయము గల ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము డ్రోన్ చోదకులకు శిక్షణ నిచ్చినది. 2023లో కేంద్రప్రభుత్వము ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకమున 15,000 మహిళా సంఘములకు డ్రోన్లు సమకూర్చుట ఉద్దేశము. అందు ఎంపికైన మహిళలకు పదునైదు దినముల శిక్షణ విధించిరి. శిక్షణలో మీటలు త్రిప్పుట త్వరగానే వచ్చును. తెరనుండి తల యెత్తి చుట్టు చూచు అలవాటు పొలములో దినదినము పాటించిననేగాని రాదు. మన పెద్దలు నాగలి పట్టినప్పుడు చూపు సాలుమీద, చెవి ఎడ్ల మువ్వలమీద, మనస్సు మేఘముమీద ఉంచెడివారు. పనిముట్టు మారినది. ఆ మెలకువ మాత్రము మారరాదు. మందు చల్లించుకొన్న చేను పురుగునుండి కాపాడబడుటతోబాటు, ఆ సాయంకాలము పొలమునందున్న ప్రతి మనిషియు క్షేమముగా ఇల్లు చేరినప్పుడే డ్రోన్ మనకు మేలు చేసినట్లు లెక్క.